జోనీ మిచెల్ ‘బ్లూ’ని వినడం ఎలా? ఒక సమగ్ర మార్గదర్శి

కెనడా గాయని, పాటల రచయిత్రి జోనీ మిచెల్ ఆల్బం ‘బ్లూ’ 1971 జూన్ 22న విడుదలైంది. మొత్తం పది పాటలు, అన్నీ కలిపి 36 నిమిషాలకు కాస్త తక్కువ. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన 500 గొప్ప ఆల్బంల జాబితాలో దీనిది మూడో స్థానం. అలాంటి జాబితా చూసి వినడం మొదలుపెట్టి, రెండో పాటకే ఆపేసేవాళ్లు తక్కువేం కాదు. డ్రమ్స్ దాదాపు ఉండవు. వెంటనే నోటికెక్కే పల్లవులు తక్కువ. గొంతు ఉన్నట్టుండి ఎక్కడికో లేస్తుంది. ‘ఇందులో అంత ఏముంది?’ అనుకుని ఇంటర్నెట్‌లో వెతికితే ఏ పాట ఏ ప్రియుడి మీద రాసిందో చెప్పే వ్యాసాలు కుప్పలుగా దొరుకుతాయి. అవి చదివి మళ్లీ వింటే చెవిలో పడేది పాట కాదు, గాసిప్.

అందుకని ఇక్కడ వరుస తిరగేశాను. ముందు వాయిద్యాలు, తర్వాత గొంతు, ఆ తర్వాత మాటలు, ఆమె జీవితం చివరికి. మనసు విప్పి అంతా చెప్పేసింది కాబట్టే ఈ ఆల్బం ఇన్నేళ్లు నిలిచిందని అంటారు. నేను ఒప్పుకోను. ఏది చెప్పాలో, ఏది దాచాలో, చివరి నిమిషంలో ఏది తీసి పారేయాలో ఆమెకు తెలుసు. నిలబెట్టింది ఆ పనితనమే. ఓపిగ్గా వింటే ఎవరికైనా తెలిసిపోతుంది.

వినే ముందు

యాప్‌లో షఫుల్ ఆపండి. ఒక పాట తోక ఇంకో పాట మీద పడేలా చేసే క్రాస్‌ఫేడ్ కూడా ఆపండి. ఆల్బం అయిపోగానే తనంతట తాను ఇంకేదో పాట ఎత్తుకునే ఆటోప్లే సంగతీ చూసుకోండి. స్పాటిఫైలో ఎప్పుడో దాచుకున్న ప్లేలిస్ట్ ఉంటే ఒకసారి సరిచూసుకోవడం మంచిది. కోవిడ్ గురించి తప్పుడు సమాచారానికి చోటిస్తున్నారంటూ, తోటి గాయకుడు నీల్ యంగ్‌కు తోడుగా ఆమె 2022 జనవరిలో తన పాటలు అక్కడి నుంచి తీయించేసింది. 2024లో మళ్లీ వచ్చాయి.

ఫోన్ స్పీకర్ పనికిరాదు. పియానో కింది స్వరాలు మింగేస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

ఎల్‌పీలో, అంటే అప్పటి గ్రామఫోన్ రికార్డులో, అయిదో పాటతో మొదటి వైపు అయిపోయేది. లేచి రికార్డు తిప్పాలి. ఆ విరామం లెక్కలోకి తీసుకునే పాటల వరుస పేర్చారు. టైటిల్ పాట ‘బ్లూ’ అయిపోగానే మీరూ ఒక నిమిషం ఆపండి. ఆ పాట బరువు దిగకముందే ‘కాలిఫోర్నియా’ హుషారు మొదలైతే రెండూ పాడవుతాయి.

మొదటిసారి: ఏమీ చదవకుండా

సాహిత్యం ముందు పెట్టుకోకండి. ఇంగ్లిష్ అర్థం కాకపోయినా ఫరవాలేదు. మొదటిసారి గమనించాల్సింది ఒక్కటే: ఖాళీ. మన సినిమా పాటలో పల్లవికీ చరణానికీ నడుమ వయొలిన్లో ఫ్లూటో వచ్చి ఊపిరి పీల్చుకోనిస్తాయి. ఇక్కడ అలాంటి బిట్లు లేవు. గొంతు ఆగితే వాయిద్యం ఒంటరిగా మిగులుతుంది, అంతే. పైగా మనకు రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఇంకొకరు. ఇక్కడ ఆ ముగ్గురూ ఆమే. నిర్మాతా ఆమే. ఇంజనీర్ హెన్రీ లెవీ మాత్రం పక్కన ఉన్నాడు. రికార్డింగ్ హాలీవుడ్‌లోని ఏ అండ్ ఎం స్టూడియోలో జరిగింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు.

బోరు కొట్టిన చోట గుర్తు పెట్టుకోండి. నాలుగోసారి వినేటప్పుడు అక్కడే ఏదో దొరుకుతుంది.

రెండోసారి: వాయిద్యాల వారీగా

ఈసారి ఆల్బం వరుస వదిలేయండి. ఆమె వాయించిన వాయిద్యాన్ని బట్టి పాటల్ని మూడు గుంపులు చేయవచ్చు. డల్సిమర్ మీద నాలుగు: ‘ఆల్ ఐ వాంట్’, ‘కేరీ’, ‘కాలిఫోర్నియా’, ‘ఎ కేస్ ఆఫ్ యూ’. పియానో మీద నాలుగు: ‘మై ఓల్డ్ మ్యాన్’, ‘బ్లూ’, ‘రివర్’, ‘ద లాస్ట్ టైమ్ ఐ సా రిచర్డ్’. గిటార్ మీద రెండే: ‘లిటిల్ గ్రీన్’, ‘దిస్ ఫ్లైట్ టునైట్’. ఒక్కో గుంపును విడిగా వినండి. పది పాటల ముద్ద కాస్తా మూడు వేర్వేరు గదులుగా విడిపోతుంది.

డల్సిమర్‌తో మొదలుపెట్టండి. ఇది అమెరికాలోని అప్పలాచియన్ కొండల జానపద వాయిద్యం. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు, మూడో నాలుగో తీగలు ఉంటాయి. మెట్లు వీణకున్నట్టు అన్ని స్వరాలకూ ఉండవు, ఒక స్కేలుకు సరిపడా మాత్రమే. బాణీ ఒక తీగ మీద నడుస్తుంటే మిగతావి అదే శ్రుతి మోగిస్తూ ఉంటాయి. తంబూరాకు అలవాటుపడిన చెవికి ఇది కొత్త కాదు. ఇంగ్లిష్ పాటలంటే ఎప్పుడూ కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) మారుతూ ఉండాలనుకునేవారికే కొత్త. 1970లో యూరప్ తిరగడానికి వెళ్తూ, తేలిగ్గా ఉంటుందని ఆమె వెంట పట్టుకెళ్లిన వాయిద్యం ఇది. తీగల్ని మీటడమే కాకుండా చేత్తో కొడుతూ వాయిస్తుంది. ‘ఆల్ ఐ వాంట్’ మొదటి పది సెకన్లు నాలుగైదుసార్లు వినండి. తాళం వేసేది డ్రమ్స్ కాదు, ఆ చెయ్యే. పక్కన వినిపించే గిటార్ గాయకుడు జేమ్స్ టేలర్‌ది.

‘కేరీ’లో బేస్ గిటార్ వాయించింది స్టీఫెన్ స్టిల్స్. ‘కాలిఫోర్నియా’లో సాగుతూ జారే తీగ స్వరం పెడల్ స్టీల్ గిటార్, వాయించింది స్నీకీ పీట్ క్లైనో. డ్రమ్స్ మీద రస్ కుంకెల్. ఎంత తక్కువ వాయించాడో చూడండి. స్టూడియోల్లో మంచి పేరున్న డ్రమ్మర్‌ను పిలిచి అంత తక్కువ వాయించమనడానికి గుండె ధైర్యం కావాలి.

పియానో పాటల్లో ‘మై ఓల్డ్ మ్యాన్’ ముందు వినండి. ఇంట్లో అతను ఉన్నప్పటి హాయి చెప్పేంతవరకు కార్డులు నేల మీద నడుస్తాయి. అతను లేనప్పటి మాట రాగానే కాళ్ల కింద ఏదో కదిలినట్టు హార్మొనీ పక్కకు జరుగుతుంది. మాటలు తెలియకపోయినా ఆ జరగడం తెలుస్తుంది. తర్వాత ‘రివర్’. మొదట్లో పియానో మీద వచ్చేది క్రిస్మస్‌కు ఊరంతా మోగే ‘జింగిల్ బెల్స్’ బాణీయే. ఎడమచెయ్యి దానికి వేరే కార్డులు వేసి సంబరం పీకేసింది. పాట చివర అది మళ్లీ వస్తుంది, అప్పటికి ఇంకా వాడిపోయి.

గిటార్ పాటలు రెండే అయినా ఆమె సంగీతానికి అసలు తాళంచెవి అక్కడుంది. తొమ్మిదేళ్లప్పుడు వచ్చిన పోలియో వల్ల ఎడమచెయ్యి బలహీనపడింది. మామూలు ట్యూనింగ్‌లో కష్టమైన కార్డులు పట్టడానికి ఆ వేళ్లకు శక్తి చాలలేదు. దాంతో తీగల శ్రుతే మార్చేసి, సులువుగా పట్టుకోగలిగే ట్యూనింగులు సొంతంగా తయారు చేసుకుంది. జీవితం మొత్తంలో అవి యాభైకి పైనే. వాటిలోంచి వచ్చిన కార్డులు మన చెవి ఎదురుచూసిన చోటికి వచ్చి వాలవు, గాలిలో ఆగిపోతాయి. వాటిని ఆమె ప్రశ్నించే కార్డులు అనేది. ‘దిస్ ఫ్లైట్ టునైట్’లో అలాంటివి ఎన్ని తగులుతాయో చూడండి. విమానం ఎక్కి పశ్చాత్తాపపడుతున్న మనిషి పాట అది. నడుమ ఆమె హెడ్‌ఫోన్స్‌లో ఏదో పాట వింటుంది. అక్కడ ధ్వని ఒక్కసారిగా సన్నబడి, నిజంగానే పక్కసీటు హెడ్‌ఫోన్స్‌లోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇంత నాటకం ఉన్న ఆల్బంను ‘డైరీ’ అనడం నాకు మింగుడు పడదు.

మూడోసారి: గొంతు

ఇక్కడ ఎక్కువ చెప్పను, రెండు చోట్లు చూపిస్తాను. ‘రివర్’లో పాదాలకు ఎగరడం నేర్పుతానన్న చోట చివరి మాట మీద గొంతు పైకి లేచి అక్కడే నిలబడుతుంది. గమకం కాదది, దూకడం. దూకాక కింద నేల ఉందో లేదో చూసుకోనట్టు పాడుతుంది. రెండోది ‘రిచర్డ్’. అందులో గొంతు పాడటం మానేసి మాట్లాడుతుంది. రిచర్డ్ దెప్పిపొడిచినప్పుడు ఒక రకం, బార్‌లో పనిచేసే అమ్మాయి మాట్లాడినప్పుడు ఇంకో రకం. వాక్యాలు తాళానికి లొంగకుండా పొర్లిపోతుంటాయి, పియానో వాటి కోసం ఆగుతుంది.

ఈ ఎత్తు గొంతు అందరికీ నచ్చదు. నచ్చకపోతే మొదట పియానో పాటలకే పరిమితం కండి.

నాలుగోసారి: మాటలు

ఇప్పుడు సాహిత్యం ముందు పెట్టుకోండి. ఒక కాగితం తీసుకుని పాటల్లో కనిపించే వస్తువులన్నీ రాయండి. భావాలు వద్దు, వస్తువులే. కాలికంటిన తారు, తెల్లటి పక్కగుడ్డలు, ఫ్రెంచి అత్తరు, పారిస్ పార్కులో చదువుతున్న వార్తలు, టీవీ తెర వెలుతురు, కాఫీ కాచుకునే యంత్రం, గిన్నెలు తోమే యంత్రం. ‘నాకు చాలా బాధగా ఉంది’ అనే రకం వాక్యాలు ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది.

‘ఎ కేస్ ఆఫ్ యూ’ను ఉదాహరణగా పట్టుకుందాం. ప్రేమ పోవడానికి కాస్త ముందు జరిగిన సంభాషణ అది. ఉత్తర ధ్రువ నక్షత్రంలా స్థిరంగా ఉంటానని అతను షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లోంచి ఒక ముక్క అప్పు తెచ్చి విసురుతాడు. ఆమె జవాబు: ఎప్పుడూ చీకట్లోనేనా, ఎక్కడుంటుందది? నేను బార్‌లో ఉంటాను, కావాలంటే రా. ఇంత చమత్కారంతో మొదలైన పాటను జనం పెళ్లిళ్లలో ఏ ధైర్యంతో పాడుకుంటారో నాకు తెలియదు. తర్వాత, కార్టూన్ బొమ్మ ఉన్న కోస్టర్ (గ్లాసు కింద పెట్టే అట్ట) వెనక ఆమె కెనడా పటం గీస్తుంది. దాని మీద అతని ముఖం రెండుసార్లు. ఆ చోట కెనడా జాతీయగీతం తునక ఒకటి రాగంలో దొర్లి పోతుంది. ఇంటి మీద బెంగ గురించి ఒక్క మాట లేదు. పటం గీసింది, ఒక తునక పాడింది, అంతే. ఆమె చిత్రకారిణి కూడా. అంతకుముందు ఆల్బంల అట్టలకు బొమ్మలు తనే వేసుకుంది. దీనికి మాత్రం టిమ్ కాన్సిడైన్ తీసిన ఫొటో.

‘రివర్’లో ఇంకో పద్ధతి. పండగ దగ్గరపడింది, ఇక్కడ మంచు పడదు, అంతా పచ్చగానే ఉంది, స్కేటింగ్ చేస్తూ పారిపోవడానికి ఒక నది ఉంటే బాగుండును అంటుంది. ఆమె పెరిగింది కెనడాలోని సస్కటూన్‌లో. చలికాలంలో నీళ్లు గడ్డకట్టి దారులయ్యే ఊరు. కాబట్టి ఆ కోరిక పోలిక కోసం పుట్టింది కాదు, చిన్నప్పటి జ్ఞాపకం. ఆ తర్వాత నింద మొత్తం తన మీదే వేసుకుంటుంది: నేను స్వార్థపరురాలిని, నాతో వేగడం కష్టం, అతన్ని నేనే వెళ్లగొట్టుకున్నాను. ప్రేమ విఫలమైతే అవతలివాడి తప్పులు చదివే పాటలు కొల్లలు. ఈ ఆల్బంలో ఆ సులువు దొరకదు.

‘రిచర్డ్’ కోసం విడిగా ఒక సాయంత్రం పెట్టుకోండి. 1968లో డెట్రాయిట్‌లో ఇద్దరు మాట్లాడుకుంటారు. రొమాంటిక్‌లంతా చివరికి ఒకేలా తేలతారు, నువ్వూ తాగుబోతువై ఏదో చీకటి కెఫేలో కూర్చుంటావు అని అతను శపిస్తాడు. తర్వాత అతను పెళ్లి చేసుకుని, ఇంట్లో దీపాలన్నీ వెలిగించుకుని టీవీ ముందు తాగుతుంటాడు. ఆమె నిజంగానే చీకటి కెఫేలో ఉంటుంది. ఇద్దరిలో ఎవరు గెలిచారు? పాట తేల్చదు. రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఇది ఒక దశే అంటుంది, ఆ మాటను తనే పూర్తిగా నమ్ముతున్నట్టు ఉండదు. ఆల్బం అక్కడ ఆగుతుంది.

అయిదోసారి: ఇప్పుడు జీవితం

ఇన్నాళ్లు ఆపుకున్న ప్రశ్నలు ఇప్పుడు అడగవచ్చు. 1943 నవంబర్ 7న కెనడాలోని ఫోర్ట్ మెక్‌లియోడ్‌లో పుట్టింది. లాస్ ఏంజెలెస్ లారెల్ కాన్యన్‌లో గాయకుడు గ్రాహమ్ నాష్‌తో కలిసి ఉంది, ‘మై ఓల్డ్ మ్యాన్’ ఆ ఇంటిదే. 1970లో అతన్ని వదిలి యూరప్ వెళ్లింది. గ్రీసులోని క్రీట్ ద్వీపంలో మటాలా అనే ఊళ్లో సముద్రం పక్క గుహల్లో హిప్పీలు బతికేవారు. ‘కేరీ’ అక్కడి మనిషి. తిరిగొచ్చాక జేమ్స్ టేలర్‌తో ప్రేమ, అదీ నిలవలేదు. ఏ పాట ఎవరిదని పంచే ఆట ఇంతటితో ఆపేయండి, ముఖ్యంగా ‘ఎ కేస్ ఆఫ్ యూ’ విషయంలో.

అసలు కథ ‘లిటిల్ గ్రీన్’ది. 1965 ఫిబ్రవరిలో, డబ్బూ తోడూ లేని పరిస్థితుల్లో ఆమె ఒక ఆడపిల్లను కని, దత్తతకు ఇచ్చేసింది. పాట 1967లోనే రాసింది. పేరు పెట్టడం, కాగితాల మీద సంతకం, ఇంటికి రాసే అబద్ధాల ఉత్తరాలు, రేపు బడికి పట్టుకెళ్లే పువ్వులు, అన్నీ అందులో ఉన్నాయి. అయినా 1971లో రోలింగ్ స్టోన్ సమీక్షకుడికి ఆ పాట బొత్తిగా అంతుపట్టలేదు, ఆ మాటే రాశాడు. బిడ్డ సంగతి లోకానికి తెలిసింది 1990లలో. తల్లీకూతుళ్లు కలిసింది 1997లో. అంటే పాతికేళ్లకు దగ్గరగా, తన జీవితంలోని అతి పెద్ద రహస్యాన్ని అందరి చెవుల్లో పాడుతూ ఎవరికీ చెప్పలేదు. ఇది తెలిశాక ‘లిటిల్ గ్రీన్’ మళ్లీ వినండి. కన్నీళ్ల కోసం కాదు. ప్రతి వాక్యం ఎంత వరకు వచ్చి ఎక్కడ ఆగిందో చూడండి.

ఆ రోజుల్లో తన మీద ఏ కవచమూ లేదని, సిగరెట్ పెట్టె మీది సెల్లోఫేన్ కాగితంలా ఉండేదాన్నని 1979లో ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. రికార్డింగ్ సమయంలో స్టూడియో తలుపులు మూసేసుకున్నారు. ఆల్బం విని గాయకుడు క్రిస్ క్రిస్టోఫర్సన్, నీకంటూ కాస్తయినా మిగుల్చుకో అన్నాడట. ఇవన్నీ నిజమే. కానీ ‘కన్ఫెషనల్’ (సొంత రహస్యాలు ఒప్పుకునే రచన) అన్న ముద్ర ఆమెకు నచ్చలేదు. అది 1950ల చివర్లో అమెరికన్ కవిత్వ విమర్శలో పుట్టిన పేరు. కన్ఫెషన్ అంటే ఎదుట పూజారో పోలీసో ఉండాలి. ఈ పాటల ఎదుట ఎవరూ లేరు.

ఆరోసారి: తీసేసినవి

2021లో, యాభై ఏళ్లయిన సందర్భంగా, అప్పట్లో బయటికి రాని అయిదు రికార్డింగులు విడుదల చేశారు. వాటిలో ఫ్రెంచ్ హార్న్‌లతో ఉన్న ‘రివర్’ ఒకటి. ఆల్బంలోని ‘రివర్’ వెంటనే దాన్ని వినండి. హార్న్‌లు బాగానే ఉన్నాయి. బాగుండటమే చిక్కు: ఒంటరిగా ఉన్న మనిషి పక్కన నలుగురు వచ్చి నిలబడ్డారు. ఆమె వాళ్లను పంపించేసింది. ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి.

‘హంటర్’, ‘అర్జ్ ఫర్ గోయింగ్’ కూడా అందులోనే ఉన్నాయి. విడుదలకు ముందు ఈ రెండూ ఆల్బం నుంచి పోయాయి. వాటి స్థానంలో వచ్చినవి ‘ఆల్ ఐ వాంట్’, ‘రిచర్డ్’, అంటే ఇప్పటి మొదటి పాట, చివరి పాట. ఒక ప్రయోగం చేయండి: ఆ రెండూ లేకుండా ఆల్బం వినండి. మంచి పాటలే మిగులుతాయి, కానీ బయలుదేరడమూ లేదు, చేరడమూ లేదు.

ఆ తర్వాత

2000లో వచ్చిన ‘బోత్ సైడ్స్ నౌ’ ఆల్బంలో ‘ఎ కేస్ ఆఫ్ యూ’ను ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడింది. గొంతు చాలా కిందికి దిగింది, సిగరెట్లు గీకేశాయి. 1971లో గాయంగా వినిపించిన మాట ఇక్కడ లెక్క తేల్చుకున్న మాటలా ఉంటుంది. నాకు పాతదే ఇష్టం, కానీ రాత్రిపూట పెట్టుకునేది కొత్తదే. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాటా నడకా మళ్లీ నేర్చుకుని, 2022 జూలైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో గాయని బ్రాండీ కార్లైల్ తదితరులతో కూర్చుని ఇదే పాట పాడింది. ఆ వీడియో చూడండి, కానీ ముందు కాదు, ఇప్పుడే.

ఇతరులు పాడినవాటిలో నజరెత్ బృందం 1973లో ‘దిస్ ఫ్లైట్ టునైట్’ను హార్డ్ రాక్ చేసింది. నవ్వొస్తుంది కానీ పాట తట్టుకుంది.

మీ దగ్గర గిటార్ ఉంటే ఓపెన్ జి ట్యూనింగ్ పెట్టి చూడండి: ఆరో తీగను, మొదటి తీగను ఇ నుంచి డికి, అయిదో తీగను ఎ నుంచి జికి దించాలి. ఒట్టి తీగలే ఒక కార్డు పలుకుతాయి. ఒకటి రెండు వేళ్లు తోచినచోట పెట్టి, వచ్చిన కార్డు పేరేంటని వెతక్కుండా బాగుందా లేదా అని మాత్రం వినండి. పాటలు రాసేవారైతే వస్తువుల కాగితం మళ్లీ తీయండి. మీకు జరిగినదాన్ని ఆరు వస్తువులతో, ఒక సంభాషణతో రాయండి. అందులో అతి ముఖ్యమైన విషయం పేరు ఎత్తకూడదు.

తర్వాత ఏ ఆల్బం అంటే, చాలామంది 1974 నాటి ‘కోర్ట్ అండ్ స్పార్క్’ చెబుతారు, పూర్తి బ్యాండ్‌తో ఉంటుంది కాబట్టి వినడం తేలిక. నేనైతే 1972లో వచ్చిన ‘ఫర్ ద రోజెస్’ చెబుతాను. పేరొచ్చాక జరిగే నష్టం మీద కోపం అందులో ఉంది. 1976 నాటి ‘హెజీరా’ను మాత్రం దూర ప్రయాణం కోసం దాచుకోండి. జాకో పాస్టోరియస్ బేస్ వినాలంటే ఈసారి ఇంకా మంచి ఇయర్‌ఫోన్స్ కావాలి.